వెలుగుతో వినిపించే కాక్లియర్ ఇంప్లాంట్: ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది

తీర్పు ముందే చెబుతాం. ఇది చదివేవాళ్లలో, తమ బిడ్డకు వినపడటం లేదని ఈమధ్యే తెలిసిన తల్లిదండ్రులు ఉంటారు. వాళ్లను చివరిదాకా చదివించి అప్పుడు చెప్పడం న్యాయం కాదు. కాంతితో పనిచేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఇంకా అమ్మకానికి రాలేదు. ఇది రాసేనాటికి ప్రయోగశాల జంతువుల దగ్గరే ఉంది. దాని కోసం బిడ్డ ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. అలాగని దీన్ని పత్రికల్లో వచ్చి పోయే వింత వార్తగా తీసిపారెయ్యలేం. కరెంటుతో నడిచే ఇప్పటి ఇంప్లాంట్‌కున్న అసలు లోపం మీదికి నేరుగా వెళ్లిన పరిశోధన ఇది.

ఇప్పుడు దొరికేది ఎంత బాగుంది

లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగి ఉండే సన్నని గొట్టం కాక్లియా. చుట్లు విప్పి చాపితే దాని పొడవు 35 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మధ్య చెవికి దగ్గరగా ఉన్న మొదట్లో కీచు శబ్దాలు, లోపలి కొసన బొంగురు శబ్దాలు, వాటి నడుమ ప్రతి స్థాయికీ తనదైన చోటు. ఆ వరుసలో సుమారు 3,500 లోపలి హెయిర్ సెల్స్ శబ్దాన్ని పట్టుకుంటాయి, దాదాపు 30,000 నాడీ కణాలు దాన్ని మెదడుకు చేరవేస్తాయి. పుట్టుకతో వచ్చే తీవ్రమైన వినికిడి లోపంలో చాలాసార్లు పాడయ్యేవి హెయిర్ సెల్సే. నాడులు బతికే ఉంటాయి. కరెంటుదైనా, కాంతిదైనా ఇంప్లాంట్ ఆధారపడేది ఈ నాడుల మీదే.

చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ మైకుతో శబ్దాన్ని తీసుకుంటుంది, స్థాయిల వారీగా విడగొడుతుంది, కాయిల్ ద్వారా చర్మం కిందనున్న భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలోకి దూర్చిన ఎలక్ట్రోడ్ తీగ కరెంటు పల్సులు ఇస్తుంది. మెడ్-ఎల్ తీగలో 12 చానెళ్లు (అంటే కరెంటు వదిలే విడి దారులు), అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ తీగలో 16, కాక్లియర్ కంపెనీ తీగలో 22 ఉంటాయి. ఈ అంకె చూసి మాత్రం కంపెనీని ఎంచుకోకండి. కాక్లియా నిండా ఉప్పటి ద్రవం ఉంటుంది, అందులో కరెంటు ఒకచోట నిలవదు. వరి మడిలో ఒక మూల నీళ్లు వదిలితే మడంతా పారినట్టు, ఒక ఎలక్ట్రోడ్ దగ్గర వదిలిన కరెంటు చుట్టుపక్కల నాడులన్నిటినీ లేపుతుంది. అందుకే తీగలో 22 ఉన్నా, మెదడుకు విడివిడిగా అందేవి మహా అయితే ఎనిమిది, పది. ఎలక్ట్రోడ్లు ఇంకా దగ్గరగా పేర్చినా ఒకదాని కరెంటు ఇంకోదాని మీద పడుతుంది తప్ప వినికిడి మెరుగుపడదు.

ఆ కాసిని దారులతోనే ఇది సాధించింది గొప్పది. 1970ల చివర వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోఖ్‌మైర్ దంపతులూ, మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందమూ బహుళ చానెళ్ల ఇంప్లాంట్లు అమర్చారు. ఇంత ముతక సంకేతంతో మాట అర్థమవుతుందా అన్న అనుమానం అప్పటి శాస్త్రవేత్తల్లో చాలామందికి ఉండేది. ఇప్పుడు ప్రపంచంలో అమర్చిన ఇంప్లాంట్లు పది లక్షలు దాటాయి. పోయిన ఇంద్రియాన్ని తిరిగి తెచ్చే పరికరాల్లో ఇంత విజయం మరొకదానికి లేదు.

తెలుగు మాట దగ్గర దీని బలమూ బలహీనతా రెండూ బాగా బయటపడతాయి. పలు, పాలు, అట, అట్ట. ఈ జంటల్లో తేడా ధ్వని ఎంతసేపు నిలిచిందన్నదే. కాలానికి సంబంధించిన తేడాను కరెంటు ఇంప్లాంట్ చక్కగా అందిస్తుంది. అదే మాట, మాత, కల, కళ, లేదా స, శ, ష తీసుకోండి. ఇక్కడ తేడా నాలుక ఎక్కడ ఆనిందన్నది, అది తెలియాలంటే స్థాయిల సన్నని అమరిక అందాలి. గది నిశ్శబ్దంగా ఉంటే సందర్భాన్ని బట్టి మెదడు పూరించుకుంటుంది. పెళ్లి పందిట్లో, బస్టాండులో, అరవై మంది పిల్లలున్న తరగతిలో ముందుగా పోయేవి ఈ తేడాలే. పాటలో తాళం తెలుస్తుంది, సాహిత్యం కొంత తెలుస్తుంది. రాగం, గమకం చాలామందికి అందవు.

ఐదుకు మా మార్కులు ఇవి: నిశ్శబ్దంలో మాటకు నాలుగున్నర, గోలలో మాటకు రెండు, సంగీతానికి ఒకటి. సంగీతానికి ఆ ఒకటైనా లయ పుణ్యమే.

కాంతి ఏం మారుస్తుంది

వెలుగును ఒకచోట నిలపవచ్చు, కరెంటును నిలపలేం. మొత్తం ఆలోచన ఈ ఒక్క మాటలో ఉంది. చిక్కేమిటంటే శ్రవణ నాడికి వెలుగు తెలియదు, తెలిసేలా చెయ్యాలి. క్లామిడోమోనాస్ అనే ఒంటికణపు పచ్చ నాచు వెలుగును చూసి ఈదడానికి వాడుకునే ప్రొటీన్ చానెల్‌రొడాప్సిన్. జర్మనీలో పీటర్ హెగెమన్, గెయోర్గ్ నాగెల్, ఎర్నెస్ట్ బాంబెర్గ్ 2002, 2003లలో ఈ ప్రొటీన్ల పనితీరును బయటపెట్టారు. వెలుగు పడగానే తెరుచుకుని అయాన్లను లోపలికి వదిలే ద్వారమిది. దాని జన్యువును హానిచెయ్యని ఏఏవీ వైరస్‌లో పెట్టి నాడీ కణాల్లోకి పంపితే, కణం తానే ఆ ద్వారాన్ని తయారుచేసుకుని పొరలో అమర్చుకుంటుంది. ఆ తర్వాత వెలుగు తగిలితే నాడి స్పందిస్తుంది.

దీన్ని చెవికి తెచ్చిన ముఖ్య కేంద్రం జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని టోబియాస్ మోజర్ బృందం. 2014లో చిట్టెలుకల్లో శ్రవణ నాడిని వెలుగుతో పలికించారు. 2018లో ఎడారి ఎలుకల జాతికి చెందిన, ఎదిగిన గెర్బిల్స్‌లోకి వైరస్‌తో జన్యువును పంపి, వాటి వినికిడి పోగొట్టి, మళ్లీ వెలుగు సంకేతానికి ప్రవర్తనతో స్పందించేలా చెయ్యగలిగారు. గెర్బిల్‌ను ఎంచుకోవడానికి కారణముంది. చిట్టెలుకకు వినపడని బొంగురు శబ్దాలు దానికి మనిషిలాగే వినపడతాయి. 2019లో అదే బృందం మధ్య మెదడులో కొలిచి చూపింది: వెలుగు తక్కువ తీవ్రతలో లేపే నాడుల విస్తీర్ణం, సహజంగా ఒక స్వచ్ఛమైన స్వరం లేపే విస్తీర్ణానికి దగ్గరగా ఉంది, కరెంటుది దానికంటే చాలా వెడల్పు. మా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే విలువైన కొలత ఇదే. ఇది లేకపోతే మిగతాదంతా ఆశ మాత్రమే.

ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయ ఇంజినీర్లతో కలిసి చేసిన తీగల్లో ఒక్కొక్కటి 60 మైక్రోమీటర్ల చదరమంత ఉండే సూక్ష్మ ఎల్‌ఈడీలను 144 దాకా పేర్చారు. 22 ఎలక్ట్రోడ్ల పక్కన ఈ అంకె చూసి పొంగిపోవద్దు. అన్నీ ఒకేసారి వెలిగించి జంతువుకు వినిపించారని దీనర్థం కాదు, ఆ సాంద్రతలో తయారు చెయ్యగలమని మాత్రమే. ప్రవర్తన ప్రయోగాల్లో వాడినవి ఇంతకంటే చాలా తక్కువ దీపాలున్న తీగలు.

ఎక్కడ తడబడుతుంది

మొదటి చిక్కు వేగం. సహజమైన శ్రవణ నాడి సెకనుకు కొన్ని వందల సార్లు స్పందిస్తుంది, ఆ స్పందన పడే క్షణాన్ని మిల్లీసెకనులో చిన్న భాగం దాకా కచ్చితంగా పాటిస్తుంది. తొలినాటి చానెల్‌రొడాప్సిన్-2 వెలుగు ఆరాక మూసుకోవడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ద్వారం తెరిచే ఉంటే తర్వాతి పల్సుకు నాడి సిద్ధంగా ఉండదు. దీనికి మందుగా క్రోనోస్ అనే వేగమైన రకం, ఆ తర్వాత 2018లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ బృందంతో కలిసి చేసిన ఎఫ్-క్రిమ్సన్ వచ్చాయి. వీటితో నాడి సెకనుకు వంద, రెండు వందల పల్సులను అనుసరించగలుగుతోంది. ఇప్పటి కరెంటు ప్రాసెసర్లు ఒక్కో ఎలక్ట్రోడ్‌కు సెకనుకు 900 పల్సులు ఇవ్వడం మామూలు. కాబట్టి ఇప్పటి సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా దీనికి ఎక్కించడం కుదరదు. తక్కువ పల్సులను ఎక్కువ దారుల్లో పంచే కొత్త కోడింగ్ రాయాలి. కాలానికి సంబంధించిన విషయంలో కరెంటుదే పైచేయి అని ఒప్పుకోవాలి. పలు, పాలు లాంటి జంటల నిడివి తేడాకు వచ్చిన ముప్పేమీ లేదు, అంత నెమ్మదైన తేడాకు ఈ వేగం చాలు. నష్టం ఉంటే రెండు చెవుల మధ్య కాల భేదంతో దిశ పట్టుకోవడంలో ఉంటుంది.

రెండోది రంగు. ఇందులో రెండు వైపులా లాగే బేరం ఉంది. నీలి వెలుగు కణజాలంలో ఎక్కువగా చెదురుతుంది, ఎక్కువకాలం పడితే కణాలకు హాని చేసే ప్రమాదమూ ఎక్కువ. ఎరుపు, నారింజ వెలుగు మెరుగు, క్రిమ్సన్ రకాలు స్పందించేది సుమారు 590 నానోమీటర్ల దగ్గర. కానీ గాలియం నైట్రైడ్‌తో చేసిన నీలి సూక్ష్మ ఎల్‌ఈడీలు బాగా పనిచేస్తాయి, ఎరుపు ఎల్‌ఈడీలను అంత చిన్నవిగా చేస్తే సామర్థ్యం పడిపోతుంది. అందుకే కొందరు ఇంజినీర్లు లేజర్ డయోడ్లను చెవి వెనుక ఎముక దగ్గరి పెట్టెలోనే ఉంచి, కాంతిని మోసుకెళ్లే సన్నని వేవ్‌గైడ్ల ద్వారా వెలుగును మాత్రమే కాక్లియాలోకి పంపే దారి పట్టారు. దీని మంచి గుణం, కాక్లియాలో కరెంటూ వేడీ ఉండవు. దాని చెడ్డ గుణం, చుట్టు తిరిగే చోట వంపుల్లో వెలుగు కారిపోతుంది, తీగ బిరుసెక్కుతుంది. బిరుసు తీగ లోపలి పొరలను చీలుస్తుంది. వేవ్‌గైడ్ దారే మనిషి దాకా ముందు చేరుతుందని మా అంచనా, ఎందుకో కింది పేరా చెబుతుంది.

మూడోది తడి. ఎలక్ట్రోడ్ అంటే సిలికోన్‌లో పొదిగిన ప్లాటినం ముక్క. అది ఉప్పునీటిలో దశాబ్దాలు ఉన్నా పాడవదు, ద్రవానికి తగలడమే దాని పని. ఎల్‌ఈడీ అలా కాదు. దాని లోహపు అతుకులకు తేమ తగలకూడదు, వెలిగించడానికి దాదాపు 3 వోల్టులు కావాలి. సిలికోన్ నీటి ఆవిరిని ఆపలేదు. ఒక్క అతుకు దగ్గర ఆవిరి చేరినా తుప్పు మొదలై ఆ దీపం ఆరిపోతుంది, లేదా కరెంటు బయటికి కారి కణజాలాన్ని కాల్చుతుంది. పసిబిడ్డకు పెట్టే పరికరం డెబ్బై ఏళ్లు ఉండాలి. జంతువుల్లో కొన్ని వారాలు, నెలలు నిలిచిన తీగను చూసి ఆ భరోసా ఇవ్వలేం.

నాలుగోది వేడి, దాంతోపాటు బ్యాటరీ. అమర్చే పరికరాల ప్రమాణాల ప్రకారం ఉపరితలం శరీర ఉష్ణోగ్రతకంటే 2 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కకూడదు. కరెంటు ఇంప్లాంట్‌లో ఒక పల్సుకు 0.2 మైక్రోజూళ్ల చుట్టుపక్కల ఖర్చయితే, కాంతి ప్రయోగాల తొలి దశలో దాదాపు 2 మైక్రోజూళ్ల వెలుగు కావలసి వచ్చేది. ఆ వెలుగు పుట్టించడానికి ఎల్‌ఈడీ తినే కరెంటు ఇంకా ఎక్కువ. ఈ పరిస్థితి మారుతోంది. 2025లో గొట్టింగెన్ బృందం వెల్లడించిన సీహెచ్‌రీఫ్ (ChReef) అనే కొత్త రకంతో నానోజూళ్ల స్థాయి వెలుగుకే శ్రవణ నాడి స్పందించింది. ఎలుక జాతులతోపాటు కోతి జాతిలోనూ దీన్ని చూపారు. ఇటీవలి ఫలితాల్లో మమ్మల్ని నిజంగా ఉత్సాహపరిచింది ఇదే. సామర్థ్యం ఇంత పెరిగితే వేడి, బ్యాటరీ సమస్యలు రెండూ ఒక్క దెబ్బకు తగ్గుతాయి.

ఐదోది జన్యువు చేరవేత. 2018 గెర్బిల్ ప్రయోగంలో వెలుగు పట్టగలిగిన నాడీ కణాలు సుమారు మూడో వంతే, అదీ అన్ని జంతువుల్లో కుదరలేదు. నాడీ కణాలుండే ఎముక గదిలోకి ఒత్తిడితో ఎక్కించినందువల్ల కొన్ని కణాలు చనిపోయాయి కూడా. ఏఏవీ వైరస్ మనలో చాలామందికి ముందే సోకి ఉంటుంది, ఒంట్లో దానికి యాంటీబాడీలుంటే మందు పనిచెయ్యకపోవచ్చు. ఒకసారి ఎక్కించాక యాంటీబాడీలు పుడతాయి కాబట్టి రెండో డోసు కష్టం. అయితే ఇక్కడ నమ్మకం కలిగించే ముందడుగులు రెండున్నాయి, రెండూ మనుషుల్లో జరిగినవే. 2021లో, చూపు పోయిన ఒక వ్యక్తి కంటిలోకి క్రిమ్సన్ రకం జన్యువును పంపి, ప్రత్యేక కళ్లద్దాలతో బల్ల మీది వస్తువులను గుర్తించేలా చేశారు. 2024లో షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఓటాఫ్ (హెయిర్ సెల్ నుంచి నాడికి సంకేతం అందడానికి కావలసిన జన్యువు) లోపంతో పుట్టిన పిల్లల లోపలి చెవిలోకి ఏఏవీతో మంచి జన్యువును పంపి వినికిడి తెప్పించారు. వైరస్‌ను మనిషి కాక్లియాలోకి సురక్షితంగా పంపవచ్చన్నది ఇక ఊహ కాదు.

పోటీలో ఉన్న ఇతర దారులు

జన్యువు అక్కర్లేకుండా ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తోనే నాడిని లేపవచ్చని షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో క్లాస్-పీటర్ రిష్టర్ బృందం ఏళ్లపాటు పనిచేసింది. వినడానికి ఎంతో బాగుంది. కానీ పల్సుకు పట్టే శక్తి ఎక్కువ, పనిచేసేదే వేడి ద్వారా. పైగా పూర్తిగా వినికిడి పోగొట్టిన గినీ పందుల్లో స్పందన రాలేదని ఇతర బృందాలు చూపాయి. లేజర్ పల్సు ద్రవాన్ని వేడిచేసి చిన్న శబ్దం పుట్టిస్తే, మిగిలిన హెయిర్ సెల్స్ దాన్ని విన్నాయన్నది వాళ్ల వివరణ. ఈ దారికి మేము మార్కులు వెయ్యం.

మెల్‌బోర్న్‌లోని బయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది మధ్యే మార్గం: నాడిని వెలుగుతో సగం సిద్ధం చేసి, మిగతా సగం చిన్న కరెంటుతో పూర్తి చెయ్యడం. వెలుగు కచ్చితత్వం కొంత, కరెంటు వేగం కొంత దక్కుతాయి. తయారీ మాత్రం రెండు రెట్లు చిక్కు.

ఎవరికి పనికొస్తుంది, ఇప్పుడేం చెయ్యాలి

నాడులు బతికున్నవాళ్లకే కాంతి ఇంప్లాంట్ పనికొస్తుంది. శ్రవణ నాడి లేకుండా పుట్టినవాళ్లకు రాదు. మన దగ్గర దీనికి ప్రత్యేక సందర్భం ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో మేనరికాలు ఎక్కువ, అవి పుట్టుకతో వచ్చే జన్యు సంబంధ వినికిడి లోపాన్ని పెంచుతాయి. భారతీయుల్లో తరచుగా కనిపించేది జీజేబీ2 జన్యువులో లోపం. అందులో నాడులు సాధారణంగా బాగుంటాయి, ఇప్పటి ఇంప్లాంట్‌తోనే మంచి ఫలితం వస్తుంది. ఓటాఫ్ లోపం అరుదు. అందులో నాడి, మెదడు స్పందన చూసే బీఈఆర్ఏ పరీక్షలో స్పందన ఉండదు, హెయిర్ సెల్స్ పనితీరు చూసే ఓఏఈ పరీక్ష మాత్రం పాస్ కావచ్చు. అలాంటి రిపోర్టు వస్తే జన్యు పరీక్ష తప్పకుండా అడగండి, ఎందుకంటే వాళ్లకు జన్యు చికిత్స అనే వేరే దారి తెరుచుకుంటోంది.

రెండో చెవిని కొత్త టెక్నాలజీ కోసం వదిలేద్దామా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. మేము వద్దనే అంటాం. శబ్దం అందని చెవి తాలూకు మెదడు దారులు వయసుతోపాటు మూసుకుపోతాయి. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పడిన పిల్లల్లో మెదడు స్పందన మామూలు పిల్లలకు దగ్గరవుతుంది. ఏడేళ్లు దాటాక చాలామందిలో అలా కాదు. నాడులు చెక్కుచెదరకుండా ఉన్నా, వినడం నేర్చుకోని మెదడుకు ఎంత సన్నని సంకేతం పంపినా అది మాటగా మారదు. ఇప్పుడు వినడం నేర్చుకున్న పిల్లకే రేపటి కాంతి ఇంప్లాంట్ పనికొస్తుంది.

ఖర్చు విషయంలో, ఆరోగ్యశ్రీ మొదలైన తొలి ఏళ్ల నుంచీ పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ అందులో ఉంది, వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కిందా ఇస్తారు. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేస్తారు. పథకం ఆపరేషన్ ఖర్చు భరించినా, తర్వాత ఏళ్ల తరబడి వచ్చే ఖర్చును ఇంట్లో ముందే లెక్కేసుకోవాలి. ముందుగా తెగేది కాయిల్ కేబుల్, తర్వాత బ్యాటరీలు. మన ఉక్కపోతకు ప్రాసెసర్ మైకులు త్వరగా మూగబోతాయి, రోజూ రాత్రి డ్రై బాక్సులో పెట్టడం తప్పనిసరి. స్విచ్ ఆన్ చేశాక మొదటి ఏడాది, ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు అన్నది సరిచేసే మ్యాపింగ్‌కు పలుమార్లు వెళ్లాలి. పిల్ల ఉన్నట్టుండి కొన్ని అక్షరాలకు పలకడం మానేస్తే అది మొండితనం కాదు, మ్యాప్ జారిందో, ఒక ఎలక్ట్రోడ్ చెడిందో చూడమని ఆడియాలజిస్టును అడగండి. ఆపరేషన్‌కు ముందు న్యుమోకాకల్ టీకా వేయించారో లేదో సరిచూసుకోండి, ఇంప్లాంట్ ఉన్న చెవి నుంచి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చే ముప్పు దానితో తగ్గుతుంది.

ఆపరేషన్ ఎలా చేస్తారన్నది భవిష్యత్తుకూ ముఖ్యం. తీగను రౌండ్ విండో (కాక్లియా మొదట్లో పొరతో మూసి ఉండే చిన్న కిటికీ) ద్వారా, నెమ్మదిగా, లోపలి పొరలు చిరగకుండా దూర్చే పద్ధతిని పాటిస్తారా అని సర్జన్‌ను అడగండి. తీగ లోపలి పొరను చీల్చితే చుట్టూ నారలాంటి కణజాలం, ఒక్కోసారి ఎముక పెరుగుతుంది. కరెంటు దాన్ని దాటి ఎలాగోలా వెళ్తుంది కానీ వెలుగును అది చెదరగొడుతుంది, తీగ మార్చే పనినీ కష్టం చేస్తుంది. డిశ్చార్జి రోజున తీగ మోడల్ పేరు, సీరియల్ నంబరు, ఎన్ని ఎలక్ట్రోడ్లు లోపలికి వెళ్లాయన్నది, ఆపరేషన్ బల్ల మీద తీసిన ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్ల దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డు), నాడి స్పందన రీడింగులు, ముందు తీసిన సీటీ, ఎంఆర్ఐ ఫిల్ములు అడిగి తీసుకోండి. జన్యు పరీక్ష చేయించి ఉంటే దాని రిపోర్టునూ వాటితో కలిపి ఒకే ఫైల్లో ఉంచండి. పాత తీగ తీసి కొత్తది పెట్టవచ్చా లేదా అన్నది ఏ డాక్టరైనా నిర్ణయించేది ఈ కాగితాలు చూసే.